పేరు మార్చి ఇయ్యి కాకా

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి, దుకాణం షట్టర్ సగం దించిన తర్వాత ఒక పిల్ల వచ్చి నిలబడింది. మా గల్లీ పిల్లే. తండ్రి పవర్‌లూమ్ మీద టవళ్ళు నేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నది. పెళ్ళి కావలసిన పిల్ల కాబట్టి పేరు రాయను.

"కాకా, నలభై ఏడు వచ్చినయి" అన్నది, ఏడుపు గొంతుతో.

"పాసైనవు గదా, ఏడుస్తవేంది?" అన్నాను.

"మార్కులు కాదు కాకా. కాపీ. నలభై ఏడు శాతం కాపీ అని వచ్చింది."

మా జిరాక్స్ దుకాణం షోలాపూర్‌లో, పూర్వ భాగంలో ఉంది. 2001లో పెట్టాను. రెండు కాలేజీల పిల్లలు, నైట్ స్కూలు పిల్లలు, కార్ఖానా బిల్లులు, రేషన్ కార్డులు అన్నీ వస్తాయి. నా చదువు పదో తరగతి. కాని ఇన్నేళ్ళుగా పిల్లల పుస్తకాలు నా చేతుల మీదుగా పోతున్నాయి. పుస్తకం మొగం చూసి ఏ సెమిస్టరుదో చెప్పగలను. అందుకే ఆ పిల్ల చెప్పిన మాట నాకు వెంటనే అర్థమైంది, కొంచెం భయం కూడా వేసింది. ఎందుకు వేసిందో తర్వాత చెప్తాను.

ముందు ఆ శాతం సంగతి. ఇప్పుడు ఎం.ఏ. ప్రాజెక్టు గాని, పీహెచ్‌డీ గాని అప్పజెప్పే ముందు కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌కు వేస్తారు. ఇంతకుముందు ఎవరైనా రాసిన వాక్యాలు ఇందులో ఎన్ని ఉన్నాయో అది రంగులు పూసి చూపిస్తుంది. 2018లో యూజీసీ దీనికి నిబంధనలు పెట్టింది. పది శాతం వరకు శిక్ష లేదు. పది దాటి నలభై వరకైతే ఆరు నెలల్లో తిరగరాసి ఇవ్వాలి. నలభై దాటి అరవై వరకైతే ఒక ఏడాదిపాటు మళ్ళీ ఇవ్వడానికే లేదు. అరవై దాటితే ఆ కోర్సుకు చేసుకున్న రిజిస్ట్రేషన్ రద్దు.

ఈ పిల్ల అదృష్టం బాగుంది. గైడ్ మేడమ్ అసలు అప్పగింతకు ముందే ఒకసారి వేసి చూసింది. "ఇది ఇట్లనే ఇస్తే ఏడాది పోతది, నెల రోజులల్ల తిరిగి రాయి" అని రిపోర్టు చేతిలో పెట్టి పంపింది. ఏడాది పోవడమంటే మన ఇళ్ళలో ఏమిటో మన పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "చదువు అయిపోనీ" అన్న ఒక్క మాట మీద ఆ పిల్ల వాళ్ళను ఆపుతున్నది. ఆ మాటకు ఏడాది గడువు పెరిగితే తండ్రి ఒప్పుకోడు.

కళ్ళు తుడుచుకొని అడిగిన మొదటి మాట మాత్రం వేరే. "కాకా, నేను ఎకనామిక్స్ పుస్తకాలన్నీ టెలిగ్రామ్‌లకెల్లి పీడీఎఫ్‌లు దింపుకున్న. ఇప్పుడు అవి గూడ దొరుకుతయా? పోలీసు కేసు అయితదా?"

భయపడవలసిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండదగిన చోట భయం. నా కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా చూస్తున్నది ఇదే. పుస్తకంలో రెండు అధ్యాయాలు జిరాక్స్ తీయమంటూ దొంగ సరుకు ఇచ్చినట్టు అటూ ఇటూ చూసే పిల్లలున్నారు. వాళ్ళే మరుసటి వారం వచ్చి, ఏ జంకూ లేకుండా, "కాకా, పోయినేటి ప్రాజెక్టు ఏదన్న ఉంటే పేరు మార్చి ఇయ్యి" అంటారు.

ఎందుకట్ల అని అడిగితే తలా ఒక మాట. నెట్‌లో ఉన్నదంటే అందరిదీ అనే కదా, తాళం వెయ్యలేదు కదా అంటాడు ఒకడు. రాసినోళ్ళు ఎక్కడో ఫారిన్‌లో ఉంటారు, మన యాభై రూపాయలతో వాళ్ళకేమైతది అంటాడు ఇంకొకడు. ఎక్కువ మంది చెప్పే మాట ఇంకోటి: "సార్‌లే గ్రూపుల పంపిన్రు కాకా." అది నిజమే. సార్ పంపిన ఫైలును పిల్లవాడు ఎవరిదని అడుగుతాడా?

డబ్బు మాట కూడా తీసెయ్యలేం. ఒక పాఠ్యపుస్తకం ఏడెనిమిది వందలుంటుంది. సెమిస్టరుకు నాలుగైదు సబ్జెక్టులు. ఆ పిల్ల తల్లి వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దున కూర్చుంటే సాయంత్రం అవుతుంది. పీడీఎఫ్ దింపుకోవడం తప్పు అని ఆ ఇంటికి పోయి చెప్పే మొగం నాకు లేదు.

కాని చట్టం పిల్లల మీద అంత కోపంగా ఏమీ లేదు, ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పరు. నాకు తెలిసింది కూడా భయం వల్లే. 2012లో ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జిరాక్స్ దుకాణం మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్. దుకాణం పేరు రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీస్. అక్కడి సార్లు చదవమన్న పుస్తకాల్లోంచి కావలసిన పేజీలు తీసి, కుట్టి, కట్టలుగా పిల్లలకు అమ్మేవాళ్ళు. మేము ఇక్కడ చేసేదీ అదే. ఆ వార్త విన్న రోజు గల్లీలో ముగ్గురం జిరాక్స్ వాళ్ళం ఒకచోట కూర్చుని, మెషీన్ అమ్మేద్దామా అని కూడా అనుకున్నాం. బ్యాంకు కిస్తులు ఇంకా ఉండె.

నాలుగేళ్ళు నడిచింది కేసు. తమ పుస్తకాలే ఆ కట్టల్లో ఉన్న రచయితలు కొందరు, కేసు వద్దని, పిల్లలను చదువుకోనివ్వమని ప్రచురణకర్తలకే ఉత్తరం రాశారు. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా కేసు కొట్టేశారు. అదే డిసెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి, చదువు చెప్పడానికి ఎంత అవసరమో అంత కాపీ తీయవచ్చు, ఇన్ని పేజీలే అని గీత లేదు అన్నది. అవసరం ఉన్నదా లేదా అన్న విచారణకు కేసును తిరిగి పంపింది గాని, 2017 మార్చిలో ప్రచురణ సంస్థలే కేసు వాపసు తీసుకున్నాయి.

దీనికంతటికీ ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షను. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకుంటే అది హక్కు దెబ్బతీసినట్టు కాదని అందులోనే ఉంది. పాఠం చెప్పే క్రమంలో గురువు గాని శిష్యుడు గాని కాపీ తీసుకోవచ్చని కూడా ఉంది. కాబట్టి సిలబస్‌లో ఉన్న అధ్యాయం జిరాక్స్ తీసుకునే పిల్ల తల వంచుకొని నిలబడే పని లేదు.

అట్లని మొత్తం తలుపులు తెరిచినట్టు కాదు. మార్కెట్‌లో దొరికే గైడును నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తీసి, స్పైరల్ వేసి, కౌంటర్ మీద పెట్టి అమ్మితే అది చదువు చెప్పడం కాదు, వ్యాపారం. నేను అట్లా అమ్మాను. 2010 ప్రాంతంలో సీజను వచ్చిందంటే రోజుకు పది పన్నెండు స్పైరల్ పుస్తకాలు పోయేవి. ఇప్పుడు అమ్మడం లేదు. మంచోణ్ణి అయ్యాననుకోకండి, మొబైల్ ఫోన్ వచ్చి ఆ గిరాకీ పోయింది.

ఆ వ్యాపారం ఇప్పుడు టెలిగ్రామ్‌కు పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోరని పిల్లలు అనుకుంటారు. ఢిల్లీలో నీతూ సింగ్ అని పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఉన్నది. తన పుస్తకాలు, వీడియో పాఠాలు టెలిగ్రామ్ చానళ్ళలో తిరుగుతున్నాయని కోర్టుకు పోయింది. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, ఆ చానళ్ళు నడిపేవాళ్ళ ఫోన్ నెంబర్లు, వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కంపెనీ ఇచ్చింది కూడా. చదువుకోవడానికి ఒక ఫైలు చూసుకున్న పిల్లవాడు వేరు, చానల్ పెట్టి నలుగురికి పంచి డబ్బులు వసూలు చేసేవాడు వేరు. మన గల్లీలో ఇద్దరు ముగ్గురు పిల్లలు అట్లాంటి చానళ్ళకు అడ్మిన్‌లుగా ఉన్నారు, గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ళు ఇది చదివితే మంచిది.

ఇంకొక మాట. రచయిత హక్కు ఎల్లకాలం ఉండదు. పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు, అంతే. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956లో పోయారు. ఆయన బతికుండగా అచ్చైన పుస్తకాల మీద ఆ హక్కు 2016 చివరితో తీరిపోయింది. రూపాయి సమస్య మీద ఆయన 1923లో రాసిన పుస్తకం ఎకనామిక్స్ పిల్లలకు కావలసిందే. నెట్‌లోంచి దింపుకున్నా, నా దగ్గర ప్రింటు తీయించుకున్నా ఎవరినీ అడగక్కరలేదు. ఆ పుస్తకం కోసం కూడా ఒక పిల్లవాడు గుసగుసగా అడిగాడు నన్ను.

ఇప్పుడు నా భయం సంగతి.

ఆ రాత్రి పిల్ల తెచ్చిన రిపోర్టు తిరగేశాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పేజీలన్నీ హోలీ ఆడినట్టున్నాయి. అందులో ఎరుపు రంగు ఎక్కువ. పద్నాలుగు పేజీలు వరుసగా ఎరుపే. షోలాపూర్ బీడీ కార్మికుల బతుకు మీద ఉన్న అధ్యాయం అది. చదువుతూ పోతుంటే కుంభారి అనే పేరు దగ్గర ఆగిపోయాను. బీడీ కార్మికుల ఘర్‌కుల్ ఇళ్ళున్న ఊరు, మనందరికీ తెలిసిందే. ఆ పేరులో ఒక అక్షరం లేదు. ఒకచోట కాదు, పద్నాలుగు పేజీల్లోనూ లేదు.

ఆ తప్పు నాది. రెండేళ్ళ కిందట వేరే పిల్లవాడి ప్రాజెక్టు నేనే టైపు చేశాను. వాడు అదెక్కడ తెచ్చాడో నేను అడగలేదు. ఆ ఫైలు నా కంప్యూటర్‌లో ఉండిపోయింది. "ఏదన్న ఉందా కాకా" అని ఈ పిల్ల దీపావళి ముందు అడిగితే, మనింటి పిల్ల కదా అని పైసలు కూడా తీసుకోకుండా పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చింది నేనే. ముందటి పిల్లవాడి ప్రాజెక్టు కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో దాచి ఉంది. దీనిది వెయ్యగానే ఆ అక్షరం తప్పుతో సహా దొరికిపోయింది.

పేరు మార్చి ఇచ్చినందుకు మూడు వందలు తీసుకునేవాణ్ణి. ఏడాదికి ముప్పై నలభై ప్రాజెక్టులు. ఆ డబ్బుతోనే రెండో మెషీన్ కొన్నాను. పిల్లలకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను కూడా. కూలోళ్ళ పిల్లలు, వీళ్ళకు ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, ఎట్లనో పాసైతే చాలు అని. ఆ రాత్రి ఆ పిల్లకు ఈ సంగతి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. విని ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి పోయి పడుకుంటే నిద్ర రాలేదు. మా బాపు గుర్తుకొచ్చాడు.

బాపు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక చిన్నాయనతో కలిసి ఇంట్లోనే రెండు జకార్డు మగ్గాలు పెట్టుకొని చద్దర్లు నేసేవాడు. గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీయడంలో ఆయన చెయ్యి మంచిది. ఒక ఎండాకాలమంతా కూర్చుని కలువపూల అంచు ఒకటి గీశాడు. ఒక్కొక్క గడికీ రంగు నింపి, అట్టలకు తూట్లు కొట్టించి, మగ్గం ఎక్కించేసరికి మూడు నెలలు. దసరాకు బజారులోకి పోయింది. దీపావళికి మా గల్లీలోనే నాలుగు కార్ఖానాల్లో అదే అంచు. ఒక చద్దర్ కొని, దారాలు లెక్కపెట్టుకొని దించేశారు. అడగడానికి పోతే, "కలువపువ్వు నీ తాతదా?" అన్నాడు ఒక సేటు. బాపు ఆ తర్వాత గీయడం మానలేదు గాని, ఆ అంచు గీసిన కాగితాన్ని చివరిదాకా ట్రంకులో బట్టల కింద పెట్టుకున్నాడు.

ఆయనకు చట్టంలో దారి ఏమైనా ఉండెనా అని చాలా ఏళ్ళ తర్వాత ఒక వకీలును అడిగాను. అదే కాపీరైట్ చట్టంలో 15వ సెక్షను చదివి చెప్పాడు. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయించదగిన డిజైన్‌ను రిజిస్టరు చేయించకుండా, యంత్రం మీద యాభై కంటే ఎక్కువ నగలు తీస్తే దాని మీద కాపీరైట్ పోతుందట. యాభై చద్దర్లు మగ్గం మీద ఎన్ని రోజుల పని! ఇప్పుడున్న 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ప్రకారం రిజిస్టరు చేయిస్తే పదేళ్ళు, ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళు హక్కు ఉంటుంది. అయితే బజారులోకి పోకముందే దరఖాస్తు పెట్టాలి. భివండీలో, ఇచల్‌కరంజీలో, సూరత్‌లో డిజైన్లు గీసేవాళ్ళు మనవాళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బాపు బాధ చూసి పెరిగినవాణ్ణి, అదే పని పిల్లల ప్రాజెక్టులతో చేశాను. కాగితం కదా, చద్దర్ కాదు కదా అనుకున్నాను.

మరునాడు పొద్దున దుకాణం తీయగానే ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. "నెల రోజులున్నయి, ఏం జేద్దాం?" అన్నది. మొదట దానికి తోచిన ఉపాయం ఇప్పటి పిల్లలందరికీ తోచేదే: వాక్యాలు అటూ ఇటూ తిప్పి, మాటలు మార్చే యాప్‌లో వేసి శాతం తగ్గించడం. ఒక పేజీ వేసి చూపించింది. బీడీ ఆకు కాస్తా ఏదో చెట్టు రొట్ట అయింది, ముకాదం మేనేజరు అయ్యాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ముందటి రాత్రి తర్వాత అదే మొదటి నవ్వు.

అప్పుడు నేనన్నాను: "మీ అమ్మ ముప్పై ఏండ్లసంది బీడీలు చుడుతున్నది. మీ అత్త, మీ పెద్దమ్మ చుడుతరు. ఆ పద్నాలుగు పేజీలు ఎవడో నాగపూర్ల కూసొని రాసినవి ఎందుకే నీకు?"

మూడు వారాలు రోజూ కాలేజీ నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తునికాకు నానబెట్టడం దగ్గర నుంచి మొదలుపెట్టింది. కార్ఖానాలో ఎన్ని బీడీలు బాగా లేవని పక్కకు తీస్తారు, వాటికి లెక్క ఉంటుందా, ఆకు తక్కువ పడితే ఎవరు కొంటారు, పీఎఫ్ చీటీ ఎవరి పేరు మీద ఉంది, అన్నీ అడిగి నోటు బుక్కులో రాసుకుంది. గల్లీలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళతో మాట్లాడింది. పెద్దమ్మ అయితే, "ఇన్నేండ్లకు మమ్ముల గిట్ల అడిగినోళ్ళే లేరు" అని చాయ్ తాగించి మరీ చెప్పిందట.

మిగతా అధ్యాయాలకు పాత పరిశోధనలు కావలసి వచ్చాయి. దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో శోధ్‌గంగా అనే ప్రభుత్వ సైట్‌లో డబ్బు లేకుండా చదువుకోవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, ఎం.ఏ. పాఠాలకు ఈ-పీజీ పాఠశాల ఉంది. మన పిల్లల్లో ఈ పేర్లు తెలిసినవాళ్ళు పదిమందిలో ఒకరు కూడా నా కౌంటర్‌కు రారు. టెలిగ్రామ్ చానల్ పేర్లు మాత్రం అందరికీ కంఠస్థం. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని ఒక పథకానికి ఒప్పుకుంది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, చదువుకోవచ్చు. కాని అది ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల పిల్లలకు. మన పిల్లలు ఎక్కువ మంది చదివేది ప్రైవేటు కాలేజీల్లో. అందుకని యూనివర్సిటీలో చదివే స్నేహితురాలి పక్కన కూర్చుని కావలసిన నాలుగు వ్యాసాలు చదివి, నోట్సు రాసుకొని వచ్చింది.

ఎవరి మాట తీసుకున్నా కింద వాళ్ళ పేరు, పుస్తకం పేరు, పేజీ నెంబరు వెయ్యాలి. ఈ సంగతి మొదటి ఏడాదిలోనే చెప్పారట గాని మార్కుల కోసం అనుకున్నదట. శోధ్‌గంగాలో ఉన్నది చదవడానికి ఎవరూ అడ్డుపడరు, దించి మన పేరు పెట్టుకుంటేనే దొంగతనం అవుతుంది. ఇంత చిన్న తేడా చెప్పడానికి నాకు ఒక ప్రాజెక్టు ఖరాబు కావలసి వచ్చింది.

మార్చి చివర్లో మేడమ్ మళ్ళీ సాఫ్ట్‌వేర్‌కు వేసింది. ఎనిమిది శాతం. ఆ ఎనిమిది కూడా ఎక్కువగా చట్టాల పేర్లు, సంస్థల పేర్లేనట.

టైపు నేనే చేశాను, డబ్బులు తీసుకోలేదు. కుంభారి ఈసారి సరిగా కొట్టాను. నా కంప్యూటర్‌లో ఉన్న పాత ప్రాజెక్టుల ఫోల్డరు, రెండు వందల పైచిలుకు ఫైళ్ళు, తీసేశాను. దానివల్ల గిరాకీ కొంత తగ్గింది. పక్క వీధిలో ఇంకో దుకాణం ఉంది, అక్కడ ఇప్పుడు మూడు వందల యాభై అట.

అంతా అయ్యాక, బైండింగ్‌కు ఇచ్చే ముందు ఒక పేచీ వచ్చింది. తల్లి దుకాణానికి వచ్చింది. "నేను చెప్పిన మాటలన్నీ రాసినవంట గదా, నా పేరేది?" అని బిడ్డను అడిగింది. పరిశోధనలో మాట్లాడినవాళ్ళ అసలు పేర్లు బయటపెట్టకూడదని, ముకాదంకు తెలిస్తే పని ఇవ్వకపోవచ్చని బిడ్డ చెప్పింది. తల్లికి నచ్చలేదు. "ఎవనివో పుస్తకాల పేర్లు కిందికెల్లి మీదికి రాసినవు, నా పేరు రాస్తే తప్పయ్యిందా?"

బిడ్డ నా మొగం చూసింది. మొదట్లో కృతజ్ఞతలు చెప్పే పేజీ ఒకటి ఉంటుంది కదా, అందులో పెట్టుకోవచ్చు, మేడమ్‌ను అడుగు అన్నాను. మేడమ్ సరేనన్నది. ప్రాజెక్టు అంతా ఇంగ్లీషులో ఉంది. తల్లికి తెలుగు ఒక్కటే, అదీ కూడబలుక్కొని చదవడం వచ్చు. అందుకని ఆ పేజీలో ఒక్క లైను తెలుగులో కొట్టమన్నది పిల్ల. మా కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు సరిగా రాక, కొట్టేసరికి రాత్రి పదిన్నర అయింది.